ఎవరికి మైనర్?

ఈ మధ్య మా వీధిలో ఒక అబ్బాయికి నీటిపారుదల శాఖలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. వాళ్లమ్మ ఇంటింటికీ మిఠాయి పంచింది. అబ్బాయి మాత్రం ముఖం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చాడు. "ఏమైంది నాయనా?" అంటే, "పెద్ద ప్రాజెక్టు వస్తుందనుకున్నాను తాతా, మైనర్ ఇరిగేషన్‌లో వేశారు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. పందొమ్మిది వందల యాభైల్లో నేనూ అలాంటి ముఖమే పెట్టుకుని కర్నూలు స్టేషన్‌లో రైలు దిగాను.

అప్పుడు నాతో డిప్లొమా చదివినవాళ్లలో సగం మంది తుంగభద్ర ఆనకట్ట మీదికి వెళ్లారు. అక్కడి యంత్రాల గురించి, దీపాల గురించి ఉత్తరాలు రాసేవారు. నాకు కోడుమూరు వైపు చెరువులు, కుంటలు, ఒక పాత సైకిలు ఇచ్చారు. ఎండిపోయిన చెరువుల మీద ఓవర్సీయరు పని. పెళ్లిచూపులకు వెళితే పిల్ల తండ్రి "ఏ డ్యాము?" అని అడిగేవాడు, నేను చెప్పింది విని మంచినీళ్లిచ్చి పంపేవాడు.

ఆ అబ్బాయికి ఆ పూట నేను చెప్పింది సరిపోలేదు. అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నది తక్కువ. ఒక మాట గురించీ, ఆ మాటను సరిగా వాడడం నాకు నేర్పిన నలుగురు మనుషుల గురించీ మాత్రం రాస్తాను.

ఒక మాట, చాలా కొలువులు

మైనర్ అనే ఇంగ్లీషు మాట మన దగ్గర ఎన్ని కొలువులు చేస్తుందో చూడండి. కోర్టులో మైనర్ అంటే వయసు రానివాడు. వాడి ఆస్తి ఇంకొకరు చూస్తారు, వాడి తరఫున ఇంకొకరు సంతకం పెడతారు. ఊళ్లలో అదే మాట పట్టు లాల్చీ తొడిగి, అత్తరు పూసుకుని, తండ్రి సంపాదన తగలేసే పెద్దమనిషికి బిరుదు. జుట్టు నెరిసినా అతను మైనరుబాబే. కాలువల మీద పనిచేసేవాళ్లకు మైనర్ అంటే పొలాల్లోకి వెళ్లే సన్నపాటి పాయ. ఆసుపత్రిలో పుండు కోసి కట్టు కడితే మైనర్ ఆపరేషన్.

మా శాఖలో ఆ మాటకు రెండు వాడుకలుండేవి. మైనర్ చెరువు అంటే దాని కింద పారే భూమి ఇన్ని ఎకరాలకు లోపు అని. అది కొలత. దాంతో ఎవరికీ పేచీ లేదు. మైనర్ రిపేరు అంటే ఇప్పుడు చేయకపోయినా మునిగిపోయేదేమీ లేదని. అది ఒక మనిషి అభిప్రాయం. రెంటికీ ఒకే మాట కావడంతో వచ్చిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. చెరువు చిన్నది కాబట్టి దాని జబ్బు కూడా చిన్నదేనని పైనున్నవాళ్లు నిజంగానే నమ్మేవారు.

అలాంటి పెద్ద అధికారి ఒకాయన మాకుండేవారు. పేరు అనవసరం. ఏ చెరువు సంగతి తీసుకువెళ్లినా "మైనర్ కదా, వచ్చే సంవత్సరం చూద్దాం" అనేవారు. దుర్మార్గుడేమీ కాదు. ఇంటికి వెళితే కాఫీ ఇచ్చి, మన పిల్లల చదువులు అడిగేవారు. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక్క కాగితం మిగిలి ఉండేది కాదు. ఆ శుభ్రత చూసి మొదట్లో నేను మురిసిపోయాను కూడా. తర్వాత ఎండలో ఆ చెరువుల గట్ల మీద తిరిగితే ఆ బల్ల ఎలా శుభ్రమైందో అర్థమైంది.

కేశవరావు గారు

నా అదృష్టం, ఆయనకూ నాకూ మధ్య కేశవరావు గారు అసిస్టెంట్ ఇంజనీరుగా ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. నశ్యం పీల్చేవారు. కోపం వస్తే నశ్యం డబ్బీ మూత పెట్టడం మరిచిపోయేవారు, చొక్కా జేబంతా గోధుమరంగు అయిపోయేది. ఆయన చేతిలో నేను తిన్న తిట్లు ఒక బస్తాకు సరిపోతాయి. ఈ వయసులో తలుచుకుంటే ఒక్కటీ వృథాగా తిన్నానని అనిపించదు.

నేను చేరిన కొత్తల్లో ఒక చెరువు గట్టుకు రాయి పరుస్తుంటే వడ్డె ఓబన్న అనే పనివాడి బొటనవేలు రెండు రాళ్ల మధ్య నలిగింది. బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాం. కాంపౌండరు కట్టు కట్టి, చేతులు తుడుచుకుంటూ, "మైనర్ గాయం సార్, తీసుకుపోండి" అన్నాడు.

కేశవరావు గారు కదలలేదు. "ఎవరికి?" అన్నారు.

కాంపౌండరుకు అర్థం కాలేదు.

"మైనర్ అన్నావు కదయ్యా. ఎవరికి? నీకా, నాకా? ఇతను ఆ వేలితో సమ్మెట పట్టుకుని నలుగురిని సాకుతున్నాడు."

కాంపౌండరు తిక్కమనిషితో నాకెందుకన్నట్టు లోపలికి వెళ్లి డాక్టరును పిలుచుకు వచ్చాడు. డాక్టరు కట్టు విప్పి మళ్లీ చూశాడు. వేలు నిలిచింది. తిరుగు బండిలో ఓబన్న నాతో రహస్యంగా, "ఈ సారు శానా సెడ్డోడు గానీ, మంచోడప్పా" అన్నాడు. అంతకన్నా సరైన యోగ్యతాపత్రం కేశవరావు గారికి ఎవరూ ఇవ్వలేదు.

అప్పటి నుంచి మా సెక్షన్‌లో ఒక పద్ధతి వచ్చింది. ఎవరైనా మైనర్ అని రాస్తే, నోటితో అన్నా సరే, వెంటనే ఎవరికో కూడా చెప్పాలి. "తూము తలుపు చివికింది, మైనర్" అంటే చాలదు. "శాఖకు మైనర్, కింద వరి వేసిన ఆరు ఇళ్లవాళ్లకు కాదు" అనాలి. పై ఆఫీసులో దీన్ని చదివి నవ్వుకునేవారని విన్నాను. నవ్వుకోనివ్వండి. అలా రాయాలంటే ముందు అక్కడికి వెళ్లాలి, ఆ ఆరు ఇళ్లవాళ్లతో మాట్లాడాలి. కేశవరావు గారికి కావలసింది అదే.

నిండిన చెరువు

ఇక అసలు సంగతి. ఆ ఊరి పేరు రాయను. కోడుమూరుకు దగ్గరే. అక్కడి చెరువు మూడేళ్లుగా ఎండి పడి ఉంది. దాని నడుమ గొర్రెలు మేసేవి. పిల్లలు బిళ్లంగోడు ఆడేవారు. నాలుగో ఏడు తుపాను వాన పట్టుకుంది. వాగులూ వంకలూ ఒక్కసారిగా పొంగి, చెరువు నిండింది.

కబురు విని సైకిలు మీద వెళ్లాను. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. ముసలివాళ్లు నీళ్లకు దండం పెడుతున్నారు. ఆ ఊరి పెద్ద తిమ్మారెడ్డి, అరవై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా ఎదురొచ్చి నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

"ఓర్సీరు సారూ, మంచి పొద్దుకు వచ్చినావు. సూడు, సముద్రం!"

నిజంగానే సముద్రంలా ఉంది. నాకూ కళ్లు చెమర్చాయి. అంతలో మరవ వైపు చూశాను. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన రాతి అలుగును అక్కడ మరవ అంటారు. దాని మీద పొడవునా గడ్డి పెళ్లలు, రాళ్లు, మన్ను వేసి అడ్డం కట్టేశారు.

"ఇదెవరు చేశారు రెడ్డిగారూ?"

"మేమే. ఊరంతా పడినాం. ఇంగా మూరెడు నీళ్లు నిలబడతాయి."

ఎండిన సీమలో మాత్రమే చేసే తప్పు అది. నీళ్లు పుష్కలంగా ఉన్నచోట ఎవరూ మరవకు అడ్డం వేయరు. మూడేళ్లు చూసి చూసి దొరికిన నీళ్లు కళ్లముందే పొర్లిపోతుంటే చేతులు ఊరుకోవు. కానీ ఆ గట్టు అన్ని నీళ్లు మోయడానికి కట్టింది కాదు.

గట్టు దిగి కింది వైపుకు వెళ్లాను. అక్కడ దూదేకులవాళ్ల మట్టిమిద్దెలు అయిదారు ఉన్నాయి. మొదటి ఇల్లు హుసేనమ్మది. పత్తి ఏకే కుటుంబం. ఆమె దొడ్డి వెనకాల గట్టు మొదట్లో ఊట ఉంది. ఊరివాళ్లు దానికి గడ్డి, బంకమన్ను కూరి గట్టిగా బిగించారు. ఆగిపోయిందని సంతోషపడుతున్నారు. ఆగలేదు. నాలుగడుగుల అవతల కొత్తగా రెండు చోట్ల వస్తోంది. చేత్తో పట్టి చూశాను. ఎర్రగా ఉంది.

కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఊట తేటగా వస్తే చెరువు చెమర్చుతున్నట్టు. మట్టితో వస్తే గట్టు లోపలి నుంచి కరిగి బయటికి వస్తున్నట్టు. కింది వైపు మూత బిగిస్తే నీరు ఆగదు, ఇంకో దారి తవ్వుకుంటుంది. చేయవలసింది రెండు పనులు. పైన నీటిమట్టం తగ్గించాలి. కింద మూత తీసేసి ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు పరచాలి. అప్పుడు నీళ్లు పోతాయి, మన్ను నిలుస్తుంది.

నేను గడ్డపలుగు అందుకుని ఆ బంకమన్ను తీయబోయాను. గట్టు మీది నుంచి ఎవడో కేక వేశాడు.

"ఓర్సీరు కట్ట తెంచుతాండాడు రో!"

పదిమంది దిగి వచ్చారు. ఒకడు నా చేతిలోంచి గడ్డపలుగు లాగేసుకున్నాడు. తిమ్మారెడ్డి వచ్చి అడ్డం నిలబడకపోతే ఆ పూట నాకు దెబ్బలు పడేవే. ఊటను గురించి, మరవను గురించి, తూము తెరవడం గురించి గొంతు పోయేలా చెప్పాను. తిమ్మారెడ్డి అంతా విన్నాడు.

"సారూ, ఆ ఊట శానా చిన్నది. మా తాతల నాటి నుంచి ఉండాది. తూము మాట ఎత్తద్దు. శుక్రవారం గంగమ్మకు పూజ చేసి, చీర పెట్టినాకనే తూము ముట్టేది. అది మా ఆచారం."

"శుక్రవారం దాకా గట్టు ఆగదు రెడ్డిగారూ."

"ఏమప్పా, నీకు జీతం నెలనెలా వస్తాది. మాకు నీళ్లు మూడేండ్లకు వచ్చినాయి. వదులు అంటే ఎట్ల వదిలేది?"

కేశవరావు గారి కోసం కోడుమూరుకు ఒక మనిషిని సైకిలు ఇచ్చి పంపాను. ఈలోగా కనీసం ఇళ్లు ఖాళీ చేయిద్దామని హుసేనమ్మ దగ్గరికి వెళ్లాను. కూతురు లోపల మంచం మీద ఉంది, పచ్చి బాలింత. ఆమె పక్కన గుడ్డల్లో చుట్టిన ఆడబిడ్డ.

హుసేనమ్మ కంగారుపడలేదు. "మేం పోతాం లే నాయనా. బడిలో కూచ్చుంటాం. ఇండ్లు పోతే మల్లా కట్టుకుంటాం. నీళ్లు మాత్రం వదలద్దు. ఈ మూడేండ్లు కడవ నెత్తిన పెట్టుకోని యాడయాడికి పోయినామో నీకేం తెలుసు?"

ప్రాణం మీదికి వచ్చినవాళ్లే ఆ మాట అంటుంటే నేనెవరిని ఒప్పించాలి? గట్టు తెగితే ఇళ్లూ పోతాయి, నీళ్లూ పోతాయి. ఇది ఆ ఊళ్లో నా ఒక్కడికే కనిపిస్తోంది. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎప్పుడూ అనుభవించలేదు.

కింది నుంచి చూస్తే

కేశవరావు గారు మధ్యాహ్నానికి వచ్చారు. జీపును వంక అవతల వదిలి, ఓబన్న నెత్తిన లెవెల్ యంత్రం పెట్టించి, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వచ్చారు. ఊట చూశారు, మరవ చూశారు. అందరూ తిట్లకు సిద్ధంగా ఉన్నారు. ఆయన తిట్టలేదు. "తిమ్మారెడ్డిగారూ, నడిచి వచ్చాను, కాళ్లు లాగుతున్నాయి. ఎక్కడన్నా కూర్చుందాం" అంటూ, ఊళ్లోకి కాక, గట్టు దిగి నేరుగా హుసేనమ్మ అరుగు మీదికి తీసుకువెళ్లారు.

తిమ్మారెడ్డి ఒక క్షణం తటపటాయించాడు. అక్కడ పుట్టి పెరిగిన మనిషి ఆ అరుగు మీద ఎన్నడూ కూర్చోలేదు. ఆయన చెరువును చూడవలసి వస్తే గట్టు మీద నిలబడి చూసేవాడు. హుసేనమ్మ గబగబా చాప పరిచింది. కూర్చున్నాడు.

సార్ నన్ను లెవెల్ యంత్రం తెమ్మన్నారు. "చెరువులో నీటిమట్టం ఎంత ఎత్తుందో ఈ ఇంటి గోడ మీద సుద్దతో గీత గియ్యి" అన్నారు. యంత్రం గట్టు మీద నిలిపి చూశాను. గీత గీయడానికి గోడ చాలలేదు. వాకిలి దాటింది, మిద్దె దాటింది. చివరికి ఓబన్న మిద్దె ఎక్కి వెదురు గడ నిలబెట్టాడు. నేను చెయ్యి ఊపిన చోట దానికి ఎర్రగుడ్డ కట్టాడు.

తిమ్మారెడ్డి అరుగు మీది నుంచి తల ఎత్తి చూశాడు. ఎర్రగుడ్డ మిద్దె మీద, ఇంకా నిలువెత్తు పైన ఉంది. అంత నీరు ఆ గట్టు వెనక నిలబడి ఉంది.

"ఊట చిన్నదన్నారు కదా" అన్నారు కేశవరావు గారు నెమ్మదిగా. "ఎవరికి?"

తిమ్మారెడ్డి ఇంకోసారి ఎర్రగుడ్డ వైపు చూశాడు. తర్వాత హుసేనమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, నీకు భయం లేదా?"

"ఎందుకు లేదన్నా? ఉండాది. నీళ్లు పోతాయేమోనని అంతకన్నా ఎక్కువ భయం ఉండాది."

ఆయన లేచాడు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. గట్టు మీద ఉన్నవాళ్లకు వినిపించేలా, "పూజ ఈ పొద్దే! శుక్రవారం దాకా గంగమ్మ తాళుకున్నా కట్ట తాళుకునేట్టు లేదు. పొండి, ఆడోళ్లను పసుపు కుంకుమ తెమ్మనండి!" అన్నాడు.

కొందరు గొణిగారు. వారం కాని వారం పూజ చేస్తే అమ్మకు కోపం వస్తుందన్నారు. "వస్తే నా మీదికి రానీ" అన్నాడు తిమ్మారెడ్డి. తన భార్య కట్టని కొత్త చీర తెప్పించి గంగమ్మకు పెట్టాడు. ఆ చీర నీళ్లలో వదిలి, తానే తూము తెరిచాడు. మరవ మీది మొదటి గడ్డి పెళ్ల కూడా ఆయనే పీకాడు. పీకేటప్పుడు ఏడ్చాడు. ఊళ్లో మగవాళ్లు చాలామంది ఏడుస్తూనే పీకారు.

తూములోంచి వచ్చిన నీళ్లను కేశవరావు గారు వంకలోకి పోనివ్వలేదు. కాలువలన్నీ తెరిపించి, ఆయకట్టులో లేని మెట్టచేలకు కూడా మళ్లించారు. "వదిలేయడం లేదు, తడిపి దాచుకుంటున్నాం" అన్నారు. ఆ మాట విన్నాక పారలు వేగంగా కదిలాయి.

బాలింతనూ పిల్లలనూ బడికి పంపి, కింద నేను, ఓబన్న బంకమన్ను తీసేశాం. ఎర్రనీళ్లు బుస్సున వచ్చాయి. గట్టు అంచు నుంచి ఒక పెళ్ల జారి పడింది. ఎవరూ పరిగెత్తలేదు. ఊరి ఆడవాళ్లంతా వరసగా నిలబడి గంపలతో ఇసుక అందించారు. రెడ్డిగారి భార్య చేతి గంప హుసేనమ్మ అందుకుంది, ఆమె నాకు అందించింది. ఇసుక, కంకర, రాళ్లు పరిచాం. ఒక గాజు గ్లాసు తెప్పించి, నీళ్లు పట్టి చూస్తూ కూర్చున్నాను. మొదటి గ్లాసు ఎరుపు. తర్వాత టీ రంగు. పొద్దు వాలేసరికి గ్లాసు వెనక నా వేలు కనిపించింది. ఆ గ్లాసు చేతులు మారుతూ గట్టు మీదికి పోయింది. ప్రతివాడూ వెలుతురుకు ఎత్తి చూశాడు.

ఆ ఏడు ఆ చెరువు కింద వరి పండింది. తడిసిన మెట్టచేలలో జొన్న కూడా బాగా వచ్చింది.

తర్వాత నేను పెద్ద కాలువల మీదా పనిచేశాను. కడప వైపు, వేంపల్లె వైపు చాలా ఏళ్లు ఉన్నాను. పెద్దవాటి మీద పనిచేయడం గొప్పే, కాదనను. అయితే ఆ చిన్న చెరువు నాకు ఇచ్చినన్ని పాఠాలు అవి ఇవ్వలేదు. కేశవరావు గారు నాకు గురువు. మూడేళ్ల ఎదురుచూపును ఒక్క పూటలో తన చేత్తో తెరిచి వదిలిన తిమ్మారెడ్డికి నేను నమస్కారం చేస్తాను. హుసేనమ్మకు నా రుణం వేరే ఉంది. అది చెప్పి ముగిస్తాను.

ఆ సాయంత్రం

చీకటి పడుతుండగా బడి దగ్గరికి వెళ్లి, ఇక భయం లేదు, ఇళ్లకు పోవచ్చని చెప్పాను. మిగిలినవాళ్లు మూటలు సర్దుకుంటున్నారు. హుసేనమ్మ కదలలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"నాయనా, ఈ రాత్రి నువ్వు యాడ పండుకుంటావు?"

నాకు తిమ్మారెడ్డి ఇంట్లో భోజనం, పడక ఏర్పాటయ్యాయి. ఆ ఇల్లు ఊళ్లోకెల్లా ఎత్తైన మిట్ట మీద ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమె గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే.

"మీ దొడ్డి దగ్గర మంచం వేస్తావా అమ్మా?" అన్నాను.

ఆమె లేచింది. బిడ్డను కూతురి చేతికిచ్చి, నాకంటే ముందు నడిచింది. దొడ్డి పక్కన, గట్టు మొదట్లో నులకమంచం వేసి, దుప్పటి దులిపి పరిచింది. కాసేపటికి కేశవరావు గారు తన పరుపుచుట్ట చంకన పెట్టుకుని వచ్చి, దొడ్లో ఉన్న ఇంకో మంచం నా పక్కకు లాక్కున్నారు.

ఆ బాలింత బిడ్డను ఎత్తుకుని మా రెండు మంచాల మధ్య నుంచి నడిచి ఇంట్లోకి వెళ్లింది. లోపల బిడ్డ కాసేపు ఏడ్చి ఊరుకుంది. మా తల దగ్గర తేటనీళ్లు రాళ్లలోంచి సన్నగా పారుతున్నాయి. నాకు నిద్ర పట్టింది.